సెల్ఫ్ తీసుకోకపోతే ముందు ఏం చూడాలి?

పొద్దున 6 గంటలు. నానక్‌రామ్‌గూడ. రాత్రంతా వాన పడి అప్పుడే తెరిపి ఇచ్చింది. రోడ్డు పక్కన ఒక డీజిల్ బండి ఆగి ఉంది. బొలెరో క్యాంపర్. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం. దీన్ని ఫోర్ వీల్ డ్రైవ్ అంటారు. వెనుక గడ్డపారలు, తాళ్ళు, ఇనుప పైపులు ఉన్నాయి. పక్కన ఆరుగురు కూలీలు నిలబడ్డారు. 7 గంటలకల్లా వాళ్ళు పని దగ్గర ఉండాలి.

డ్రైవరు తాళం తిప్పాడు. "టక్" అని ఒక్క చప్పుడు వచ్చింది. ఇంజను కదల్లేదు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ "టక్".

చుట్టూ ఉన్నవాళ్ళు తలో మాట అన్నారు.

"సెల్ఫ్ పోయింది. కొత్తది వెయ్యాల్సిందే" అన్నారు ఒకరు.

"కాదు, బ్యాటరీ డౌనైంది" అన్నారు ఇంకొకరు.

"అందరం కలిసి నెడదాం పట్టండి" అన్నారు మరొకరు.

డ్రైవరుకు గుబులు పుట్టింది. అతని జేబులో బిడ్డ బడి ఫీజు డబ్బు ఉంది. కొత్త సెల్ఫ్ మోటారు అంటే వేల రూపాయలు. ఫీజు డబ్బు దానికే పోతుంది. ట్రిప్పు పోతే ఆ రోజు కూలి కూడా రాదు.

నిజంగా సెల్ఫ్ మోటారే పాడైందా? విప్పకుండానే తెలుసుకోవచ్చా? తెలుసుకోవచ్చు. అందుకు ముందుగా కావలసినవి చెవులు, కళ్ళు, కొంచెం ఓపిక.

నానక్‌రామ్‌గూడలో ఈ బండ్లకు పనేమిటి?

నానక్‌రామ్‌గూడ ఒకప్పుడు రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలంలో చిన్న ఊరు. చుట్టూ బండరాళ్ళు, గుట్టలు. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ భవనం మొదలైంది. 2008లో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ రింగ్ రోడ్డు తెరిచారు. ఊరి పక్కనే ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వచ్చింది. పొలాలు, గుట్టలు ఉన్నచోట అద్దాల మేడలు లేచాయి.

ఎత్తైన మేడలకు పునాది లోతుగా పోవాలి. బండను పగలగొట్టి పెద్ద పెద్ద గుంతలు తవ్వుతారు. ఆ గుంతల్లోకి దిగే మట్టిదారి ఏటవాలుగా ఉంటుంది. వానాకాలం బురద. మామూలు బండి చక్రాలు అక్కడ జారిపోతాయి. ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఎక్కి వస్తుంది.

కానీ బురదలో, నీళ్ళలో తిరిగే బండికి ఒక చిక్కు ఉంది. సెల్ఫ్ మోటారు ఇంజను పక్కన, కిందివైపు ఉంటుంది. దాని తీగలు కూడా అక్కడే ఉంటాయి. నీళ్ళు, బురద ముందు వాటికే తగులుతాయి. తుప్పు అక్కడే పడుతుంది.

సెల్ఫ్ ఏం పని చేస్తుంది?

ఇంజను తనంతట తాను మొదలు కాదు. మొదట దాన్ని ఎవరో ఒకరు తిప్పాలి. ఒకప్పుడు మనుషులే తిప్పేవారు. పాత జీపులకు ముందువైపు హ్యాండిల్ పెట్టడానికి రంధ్రం ఉండేది. హ్యాండిల్ ఎదురు తిరిగితే మణికట్టు విరిగేది. 1911లో అమెరికాలో చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు కార్లకు పనికివచ్చే కరెంటు స్టార్టరు తయారుచేశాడు. 1912లో క్యాడిలాక్ కార్లకు దాన్ని బిగించారు. దాన్నే మన డ్రైవర్లు "సెల్ఫ్" అంటారు.

తాళం తిప్పగానే జరిగేది ఇది.

1. తాళం నుంచి కొద్దిపాటి కరెంటు సోలినాయిడ్‌కు పోతుంది. సోలినాయిడ్ అంటే సెల్ఫ్ మీద ఉండే చిన్న డబ్బా.
2. సోలినాయిడ్ లోపలి కడ్డీ ఒక్కసారిగా లాగబడుతుంది. "టక్" అనే చప్పుడు దానిదే.
3. ఆ కడ్డీ రెండు పనులు చేస్తుంది. ఒకటి, బెండిక్స్ అనే చిన్న పళ్ళ చక్రాన్ని ముందుకు తోస్తుంది. అది ఇంజను ఫ్లైవీలు పళ్ళలో కూర్చుంటుంది. రెండు, బ్యాటరీ నుంచి వచ్చే లావు తీగను మోటారుకు కలుపుతుంది.
4. మోటారు తిరుగుతుంది. ఫ్లైవీలు తిరుగుతుంది. ఇంజను అందుకుంటుంది.

డీజిల్ ఇంజనును తిప్పడం బరువైన పని. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ కొట్టే ప్లగ్గు ఉంటుంది. డీజిల్ ఇంజనులో అది ఉండదు. గాలిని బాగా నొక్కితే ఆ గాలి వేడెక్కుతుంది. ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. సైకిలు ట్యూబుకు గాలి కొట్టేటప్పుడు పంపు వేడెక్కడం మీకు తెలుసు కదా! ఇదీ అంతే. కానీ ఇక్కడ గాలిని 16 నుంచి 22 వంతుల్లో ఒక వంతుకు నొక్కాలి. అంత నొక్కడానికి ఎంతో బలం కావాలి. అందుకే డీజిల్ బండి సెల్ఫ్ ఒక్కసారిగా వందల ఆంపియర్ల కరెంటు లాగుతుంది.

లైట్లు వెలుగుతున్నాయి కదా, బ్యాటరీ బాగున్నట్టేనా?

చాలామంది ఇక్కడే పొరపడతారు. ఒక ఇరుకు సందు ఉందనుకోండి. ఒక్క మనిషి అందులో సులువుగా నడిచిపోతాడు. కానీ బోనాల ఊరేగింపు అందులో పట్టదు. తుప్పు పట్టిన తీగ ఇరుకు సందులాంటిది. బల్బుకు కావలసింది కొద్ది కరెంటే. అది తుప్పు దాటి పోతుంది. సెల్ఫ్‌కు కావలసింది ఊరేగింపంత కరెంటు. అది అక్కడే ఆగిపోతుంది.

అందుకే లైటు వెలిగినంత మాత్రాన బ్యాటరీ, తీగలు బాగున్నాయని నమ్మకూడదు. సెల్ఫ్ తిరగనంత మాత్రాన మోటారు పోయిందనీ నమ్మకూడదు.

చెయ్యి పెట్టేముందు జాగ్రత్త

మళ్ళీ ఆ బండి దగ్గరకు వద్దాం. ఒక కుర్రాడు పెద్ద స్క్రూడ్రైవరు పట్టుకుని బండి కిందికి దూరాడు. సోలినాయిడ్ మీది రెండు బోల్టులను దానితో కలిపితే మోటారుకు నేరుగా కరెంటు పోతుంది. రోడ్డు మీద చాలామంది అలాగే చేస్తారు.

అంతలో ఆటో ఎలక్ట్రికల్ పని చేసే ముసలి ఉస్తాద్ వచ్చాడు. కుర్రాడి కాళ్ళు చూసి గట్టిగా అరిచాడు.

"ఏయ్, బయటికి రా! తమ్మీ, బండి ఏ గేర్ల ఉంది?"

డ్రైవరు తొంగి చూశాడు. అతని మొహం పాలిపోయింది.

"ఫస్టు గేర్ల ఉంది, ఉస్తాద్."

"ఇంజను అందుకుంటే బండి ముందుకు దుంకుతుండె. పిలగాని మీదికెళ్ళి పోతుండె" అన్నాడు ఉస్తాద్.

కుర్రాడు మట్టి దులుపుకుంటూ లేచాడు. ఎవరూ కాసేపు మాట్లాడలేదు.

కాబట్టి ముందు ఈ పనులు చెయ్యండి.

- గేరును న్యూట్రల్‌లో పెట్టండి. హ్యాండ్ బ్రేకు వెయ్యండి.
- చక్రాలకు ముందూ వెనుకా రాళ్ళు పెట్టండి. ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో రెండో చిన్న గేరు కడ్డీ గానీ, తిప్పే మీట గానీ ఉంటుంది. కొన్ని బండ్లలో దానికీ న్యూట్రల్ ఉంటుంది. అది న్యూట్రల్‌లో ఉంటే, పెద్ద గేరు వేసినా బండి ఆగదు. దొర్లిపోతుంది.
- బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు. బ్యాటరీ నుంచి మండే వాయువు వస్తుంది.
- చేతి ఉంగరం, కడియం తీసెయ్యండి. అవి తీగలకు తగిలితే చెయ్యి కాలుతుంది.
- బ్యాటరీ తీగలు విప్పేటప్పుడు ముందు మైనస్ విప్పండి. బిగించేటప్పుడు మైనస్ చివర బిగించండి.

చప్పుడు ఏం చెబుతోంది?

తాళం ఒక్కసారి తిప్పి చెవి పెట్టి వినండి.

1. ఏ చప్పుడూ లేదు, మీటర్ల దగ్గర దీపాలు కూడా లేవు. బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. లేదా బ్యాటరీ టెర్మినల్ ఊడింది. లేదా పెద్ద ఫ్యూజు పోయింది.

2. దీపాలు ఉన్నాయి, "టక్" కూడా లేదు. తాళం స్విచ్చి, రిలే, సోలినాయిడ్‌కు పోయే సన్న తీగ చూడాలి. కొన్ని కొత్త బండ్లలో క్లచ్చి తొక్కితేనే సెల్ఫ్ తీసుకుంటుంది. అదీ చూసుకోండి.

3. "టకటకటక" అని ఆగకుండా కొట్టుకుంటోంది. ఎక్కువగా బ్యాటరీ దిగిపోయినప్పుడు ఇలా అవుతుంది. టెర్మినల్ వదులైనా ఇంతే.

4. "టక్" అని ఒక్కసారే కొట్టి ఆగుతోంది. సోలినాయిడ్‌కు కరెంటు అందుతోంది. మోటారు తిరగడం లేదు. లావు తీగలు, ఎర్తు, సోలినాయిడ్ లోపలి రాగి బిళ్ళలు, కార్బన్ బ్రష్షులు వరసగా చూడాలి.

5. "గుర్‌ర్... గుర్‌ర్..." అని నీరసంగా తిరుగుతోంది. బ్యాటరీ బలహీనం, లేదా తీగల్లో తుప్పు. మోటారు బుష్షులు అరిగి లోపల రాసుకుంటున్నా ఇలాగే ఉంటుంది.

6. "జుయ్" అని మోటారు ఒక్కటే తిరుగుతోంది, ఇంజను కదలడం లేదు. బెండిక్స్ జారుతోంది. లేదా ఫ్లైవీలు పళ్ళు అరిగాయి.

7. "కరకర" అని పళ్ళు నూరినట్టుంది. సెల్ఫ్ బోల్టులు వదులయ్యాయి, లేదా పళ్ళు దెబ్బతిన్నాయి. మళ్ళీ మళ్ళీ కొట్టకండి. ఫ్లైవీలు పళ్ళు పోతే ఖర్చు పెరుగుతుంది.

8. ఇంజను స్టార్టయినా సెల్ఫ్ తిరుగుతూనే ఉంది. సోలినాయిడ్ బిళ్ళలు అతుక్కుపోయాయి, లేదా తాళం వెనక్కి రాలేదు. వెంటనే ఇంజను ఆపండి. అప్పటికీ తిరుగుతుంటే బ్యాటరీ మైనస్ తీగ తీసెయ్యాలి. లేకపోతే మోటారు కాలిపోతుంది.

9. ఇంజను చురుగ్గా తిరుగుతోంది, కానీ అంటుకోవడం లేదు. అప్పుడు సెల్ఫ్ తప్పు కాదు. డీజిల్ ఉందా, పైపులో గాలి పట్టిందా, హీటర్ ప్లగ్గులు పని చేస్తున్నాయా అని చూడాలి.

హెడ్‌లైటు పరీక్ష

హెడ్‌లైట్లు వెయ్యండి. ఒకరు తాళం తిప్పాలి. ఇంకొకరు పక్కన నిలబడి లైట్లను చూడాలి. బండి ముందు మాత్రం నిలబడకూడదు.

లైట్లు పూర్తిగా మసకబారితే బ్యాటరీ బలహీనం. లేదా బ్యాటరీ టెర్మినల్ దగ్గరే తుప్పు. బ్యాటరీ బాగుండి కూడా ఇలా జరిగితే, మోటారు గానీ ఇంజను గానీ లోపల పట్టేసి ఉండవచ్చు.

"టక్" అన్నా లైట్లు దాదాపు అలాగే వెలుగుతుంటే, పెద్ద కరెంటు మోటారు దాకా పోవడం లేదన్నమాట. బ్యాటరీకీ మోటారుకూ నడుమ ఎక్కడో దారి మూసుకుంది. లేదా మోటారు లోపలి బ్రష్షులు అరిగాయి.

ఉస్తాద్ ఈ పరీక్షే చేశాడు. "టక్" అంది. లైట్లు తగ్గలేదు.

"బ్యాటరీ డౌన్ కాలేదు తమ్మీ. సెల్ఫ్ మీద కూడా ఇప్పుడే నింద వెయ్యకు" అన్నాడు.

మీటరుతో బ్యాటరీ చూడడం

మల్టీమీటరు ఉంటే అనుమానం తీరుతుంది. బండి కాసేపు ఆగి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.4 అంటే కొంత దిగింది. 12 అంటే చాలా దిగింది. సెల్ఫ్ కొట్టేటప్పుడు కూడా చూడండి. 9.6 వోల్టులకన్నా కిందికి పడితే బ్యాటరీని దుకాణంలో పరీక్ష చేయించాలి.

ఇంజను నడుస్తున్నప్పుడు సుమారు 13.8 నుంచి 14.4 వోల్టులు ఉండాలి. అంతకన్నా బాగా తక్కువైతే బ్యాటరీ చార్జి కావడం లేదు. అప్పుడు కొత్త బ్యాటరీ వేసినా నాలుగు రోజుల్లో అదీ దిగిపోతుంది. ఆల్టర్నేటరు, దాని బెల్టు చూపించాలి.

బ్యాటరీ మీద అంటించిన చీటీ చదవండి. కొన్న తేదీ, గ్యారంటీ గడువు దాని మీదో, గ్యారంటీ కార్డు మీదో ఉంటాయి. గడువు లోపల పాడైతే వెంటనే పూర్తి ధర పెట్టి కొత్తది కొనకండి. గ్యారంటీ కింద ఏం వస్తుందో అడగండి.

టెర్మినళ్ళ మీద తెల్లగా, పచ్చగా పూత కనిపిస్తే తీసి వేడినీళ్ళతో కడగండి. పూత కళ్ళల్లో, చేతులకు పడకుండా చూసుకోండి. ఆరాక గట్టిగా బిగించి పైన కొంచెం వాజ్‌లైన్ రాయండి.

ఎర్తు తీగను మరవద్దు

కరెంటు బ్యాటరీ నుంచి మోటారుకు పోతే చాలదు. తిరిగి బ్యాటరీకి రావాలి. వచ్చే దారి ఎర్తు. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది. రబ్బరులో కరెంటు పోదు. అందుకని ఇంజనుకు లావు తీగ గానీ, రాగి అల్లిక పట్టీ గానీ బిగిస్తారు. అది కింద బురదలో ఉంటుంది. ఎవరి కంటా పడదు.

దీన్ని పరీక్షించడం సులువు. బండి నుంచి బండికి కరెంటు ఇచ్చే జంపర్ కేబులు ఒకటి చాలు. దాని ఒక కొనను బ్యాటరీ మైనస్‌కు తగిలించండి. తర్వాత రెండో కొనను ఇంజను మీద రంగు లేని, శుభ్రమైన ఇనుముకు తగిలించండి. తిరిగే బెల్టుకు, ఫ్యానుకు దూరంగా ఉంచండి. ఇప్పుడు తాళం తిప్పండి. సెల్ఫ్ తిరిగితే మోటారు మంచిదే. పాడైంది ఎర్తు.

మీటరుతోనూ చూడవచ్చు. ఒక కొన బ్యాటరీ మైనస్ మీద, ఇంకో కొన ఇంజను ఇనుము మీద పెట్టాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు అర వోల్టు కన్నా ఎక్కువ చూపిస్తే ఎర్తులో లోపం ఉంది.

ఉస్తాద్ జంపర్ కేబులు తగిలించాడు. డ్రైవరు తాళం తిప్పాడు. ఇంజను గిర్రున తిరిగి అందుకుంది. కూలీలు నవ్వారు. కుర్రాడు నోరు తెరిచి చూశాడు.

ఇంజను ఆపి కిందికి వంగి చూస్తే అసలు సంగతి తెలిసింది. ఎర్తు పట్టీ మీద బురద గట్టిపడింది. గీకితే రాగి పోగులు చాలా వరకు తెగి ఉన్నాయి. నట్టు తుప్పు పట్టింది. ఉస్తాద్ కొత్త పట్టీ వేశాడు. బిగించే చోట ఇనుమును ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్దాడు.

వేలల్లో పోతుందనుకున్న ఖర్చు వందల్లో తేలింది. ఫీజు డబ్బు నిలిచింది.

మోటారు ఎప్పుడు విప్పాలి?

బ్యాటరీ, టెర్మినళ్ళు, లావు తీగలు, ఎర్తు అన్నీ బాగుండి, సెల్ఫ్ తిరగకపోతే అప్పుడు మోటారు విప్పించాలి. అప్పుడు కూడా అంతా మార్చనక్కర లేదు. బ్రష్షులు అరిగితే బ్రష్షులు, బుష్షులు అరిగితే బుష్షులు, బెండిక్స్ జారితే బెండిక్స్ విడిగా దొరుకుతాయి. ఆర్మేచరు కాలిపోతే ఖర్చు ఎక్కువ. విప్పిన పాత సామాను మీకు చూపించమని అడగండి. బిల్లు తీసుకుని ఏం మార్చారో చదువుకోండి.

సుత్తి పిడితో సెల్ఫ్‌ను మెల్లగా తడితే ఒక్కోసారి తిరుగుతుంది. అంటే బ్రష్షులు అరిగి ఉండవచ్చు. అది ఆ పూట ఇంటికి చేరడానికే. రేపటికి మరమ్మతు చేయించాలి.

ఇవి చెయ్యకండి

- సెల్ఫ్‌ను 10, 15 సెకన్లకు మించి ఒకే బిగిన కొట్టకండి. అర నిమిషమైనా ఆగి మళ్ళీ కొట్టండి. లేకపోతే మోటారు వేడెక్కి కాలిపోతుంది.
- టిప్పరు నుంచి, లారీ నుంచి జంపర్ కేబులుతో కరెంటు తీసుకోకండి. పెద్ద బండ్లలో ఎక్కువగా 24 వోల్టులు ఉంటాయి. మీ బండిది 12 వోల్టులు. తీగలు, పరికరాలు కాలిపోతాయి.
- బండి లోతు నీళ్ళలో ఆగిపోతే సెల్ఫ్ కొట్టకండి. ఇంజను లోపలికి నీళ్ళు పోయి ఉండవచ్చు. నీళ్ళు గాలిలాగా నలగవు. బలవంతంగా తిప్పితే ఇంజను కడ్డీలు వంగుతాయి.
- ఏటవాలులో బండిని దొర్లించి స్టార్టు చెయ్యకండి. ఇంజను నడవనప్పుడు బ్రేకు సరిగా పట్టదు, స్టీరింగు బరువెక్కుతుంది.

గుర్తుంచుకోండి

ముందు బ్యాటరీ. తర్వాత టెర్మినళ్ళు. ఆ తర్వాత లావు తీగలు, ఎర్తు. చివరికి మోటారు. ఈ వరస తప్పితే డబ్బు దండుగ.

బండిలో ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. బ్యాటరీ వేసిన తేదీ, సెల్ఫ్ బాగుచేసిన తేదీ, మార్చిన సామాను, అయిన ఖర్చు రాసుకోండి. మళ్ళీ చిక్కు వచ్చినప్పుడు అది పనికి వస్తుంది.

ఆ రోజు బండి 7 దాటాక పని దగ్గరకు చేరింది. కాస్త ఆలస్యమైంది. కానీ అందరూ చేరారు. బండి కిందికి దూరిన కుర్రాడు కూడా.

ఆలోచించి చెప్పండి

1. లైట్లు బాగా వెలుగుతున్నా సెల్ఫ్ ఎందుకు తిరగకపోవచ్చు?
2. "టకటకటక" అంటే ముందు దేన్ని అనుమానించాలి?
3. బండి కిందికి దూరేముందు ఏమేం చూడాలి?
4. మీకు తెలిసినవారి బండికి అనవసరంగా సామాను మార్పించిన సంగతి ఉందా? అప్పుడు ముందుగా ఏం చూసి ఉండాల్సింది?